గోవిందప్ప గొంతు

2010 ఎండాకాలంలో మేము నల్లగండ్ల ఫ్లాటులోకి దిగేనాటికి మా అపార్ట్‌మెంటు పని ఇంకా పూర్తి కాలేదు. లిఫ్టు బిగించలేదు. నాలుగో అంతస్తుకు మెట్లెక్కుతూ మూడో అంతస్తులో ఆగాను. కారిడార్ చివర ఎవరో పాడుతున్నారు.

తొమ్మిది తలుపుల ఇంట
తోడు లేక ఉన్నవాడా,
తాళమేస్తే ఎట్ల పోదువు?
తలుపు తీస్తే ఎట్ల నిలుతువు?

బొంగురు గొంతు. రాగం సాగదీయడం లేదు. బరువు మోస్తున్న మనిషి మెట్టు మెట్టూ చూసుకుని ఎక్కినట్టు ఎక్కి, పైన కాసేపు నిలబడి, మళ్లీ దిగుతోంది. దగ్గరికి వెళ్లి చూశాను. నలభై ఏళ్ల మనిషి గొంతుకూర్చుని, గ్రానైటు బండను రబ్బరు సుత్తితో తట్టి మట్టం సరిచేస్తున్నాడు. జుట్టు మీద, కనురెప్పల మీద తెల్లటి దుమ్ము. ఎదురుగా ఇంకొకాయన తాపీతో సిమెంటు పరుస్తున్నాడు. నన్ను చూడగానే పాట ఆగిపోయింది.

"ఆపేశావేం? పాడు," అన్నాను.

"పని చేస్తా చేస్తా వచ్చేది సార్ అది. ఊరికే పాడమంటే రాదు."

ఎదురుగా ఉన్నాయన నవ్వాడు. "గట్లనే అంటడు సార్. మీరు పోన్రి, మళ్ల షురూ జేస్తడు."

పాడినాయన గోవిందప్ప. సిమెంటు పరుస్తున్నది నర్సయ్య. ఆ రోజు వాళ్ల పేర్లు అడగాలని నాకు తోచలేదు. నా పేరు కామేశ్వరరావు. మాది రేపల్లె వైపు. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పరిషత్తుల్లో నాటకాలు ఆడాను, ఆడించాను. హైదరాబాదు వచ్చాక కూడా ఆ పిచ్చి వదల్లేదు. లింగంపల్లి, మియాపూర్ కాలనీల్లో నాలాంటి వాళ్లను పదిమందిని పోగుచేసి చిన్న సమాజం పెట్టుకున్నాను. గోవిందప్ప గురించి నాకు తెలిసిందంతా ఆ నాటకాల పుణ్యమే.

ఆయనది కర్నూలు జిల్లా బేతంచెర్ల దగ్గర పల్లె. నాలుగడుగులు తవ్వితే నాపరాయి తగిలే నేల. తండ్రి తిమ్మప్ప గనిలో బండలు లేపేవాడు. మేనమామ తంబుర పట్టుకుని తత్వాలు పాడేవాడు. ఆ ఊళ్లలో ఎవరైనా పోతే, పాడె ఎత్తేదాకా ఇంటి ముందు కూర్చుని తత్వాలు పాడటం ఆచారం. పన్నెండేళ్లకే గోవిందప్ప మామ వెంట వెళ్లి వంత పాడేవాడు. పదహారేళ్లకు మామ తంబుర మాత్రం పట్టుకుని, పాట మేనల్లుడికి వదిలేశాడు.

"నాది పెండ్లికి పిలిచే గొంతు కాదు సార్. చావుకు పిలిచే గొంతు," అనేవాడు. అందులో చిన్నతనమేమీ ఆయనకు కనపడేది కాదు. చావు దగ్గర పాడేవాడు తప్పు పాడకూడదనీ, అక్కడ వినేవాళ్లు నిజంగా వింటారనీ చెప్పేవాడు.

1999లో వానలు లేక గనులు కూడా మందగించాయి. గోవిందప్ప భార్య సుంకమ్మను వెంటబెట్టుకుని లింగంపల్లి స్టేషన్లో దిగాడు. రైలుకట్ట పక్కన రేకుల గదిలో కాపురం. మాదాపూర్లో అప్పుడే అద్దాల మేడలు లేస్తున్నాయి. బండలు కోయడం, పరచడం తెలిసినవాడికి పని వెతుక్కోవాల్సిన అవసరం లేదు. మొదటి సైటులోనే నాగర్‌కర్నూలు వైపు నుంచి వచ్చిన నర్సయ్య జత కలిశాడు. గోవిందప్ప మిషనుతో బండ కోసేవాడు, నర్సయ్య ఎదురుగా కూర్చుని అంచు కదలకుండా పట్టుకునేవాడు. లోపలి పనికి నీళ్లు పోసి కోస్తే గోడలు పాడవుతాయని పొడిగానే కోయించేవారు. ముఖానికి తువ్వాలు చుట్టుకోవడమే వాళ్లకు తెలిసిన జాగ్రత్త. ఇరవై ఏళ్లపాటు రాయదుర్గం, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, ఎక్కడ మేడ లేస్తే అక్కడ వాళ్లిద్దరూ నేల పరిచారు. గోవిందప్ప పరిచిన నేల మీద చెంబెడు నీళ్లు పోస్తే ఎక్కడా నిలవకుండా మూలకు పోయేవి. నర్సయ్య ఈ సంగతి అందరికీ చెప్పేవాడు. గోవిందప్ప చెప్పుకునేవాడు కాదు.

2011లో మేము వరదలో ఊరు కోల్పోయిన కుటుంబం మీద ఒక నాటకం వేశాం. ఆఖరి అంకంలో వెనుక నుంచి ఒక పాట వినపడాలి. మా సభ్యులు ఇద్దరు పాడి చూపించారు. బాగానే పాడారు గానీ నాకు ఆ మూడో అంతస్తు కారిడారే గుర్తొచ్చింది. మా అపార్ట్‌మెంటు మేస్త్రీని అడిగి, గచ్చిబౌలిలో వాళ్లు పనిచేస్తున్న చోటికి వెళ్లాను. గోవిందప్ప వినగానే వద్దన్నాడు. నర్సయ్య ఊరుకోలేదు.

"ఏందన్నా, నేనొక్కన్నే వినాల్నా నీ పాట? ఇరవై మంది వింటే నీ సొమ్మేం బోతది? జర పోయిరా."

గోవిందప్ప వచ్చాడు. కానీ జనం ముందు నిలబడనన్నాడు. తెర పక్కన గొంతుకూర్చుని, అరచేత్తో నేల మీద తాళం వేసుకుంటూ పాడాడు. లింగంపల్లిలోని ఆ హాల్లో ఆ రోజు నూటయాభై మంది ఉంటారు. పాట అయిపోయాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. దీపాలు వెలిగాక చూస్తే ముందు వరసలో ఇద్దరు ఆడవాళ్లు కొంగుతో ముఖం తుడుచుకుంటున్నారు.

ఇంటికి వస్తూ మా ఆవిడ వీరలక్ష్మి అంది: "ఏవండీ, ఆయన్ని భార్యతో సహా ఒకరోజు భోజనానికి పిలవండి. మీరేమో ఆయన్ని నువ్వు, నువ్వు అంటున్నారు. వినడానికి బాగోలేదు."

ఆ మాట నాకు తగలవలసిన చోటే తగిలింది. భోజనానికి వచ్చిన రోజు నుంచి మీరు అన్నాను. ఆయన ఇబ్బందిపడ్డాడు. "వద్దు సార్. ఎవరినో పిల్చినట్టుంటాది," అన్నాడు. నేను మార్చుకోలేదు. కొన్నాళ్లకు ఆయనే అలవాటుపడ్డాడు.

ఆ నాటకం చూసినవాళ్లలో దినేష్ అనే కుర్రాడున్నాడు. వాళ్లది అనంతపురం. తండ్రి మియాపూర్లో స్థలాల వ్యాపారం చేస్తాడు. దినేష్ వారమంతా హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, శని ఆదివారాలు చిన్న సినిమాలు తీసేవాడు. నాలుగేళ్లకు ఉద్యోగం మానేసి అసలు సినిమాలో సహాయ దర్శకుడిగా చేరాడు. ఆ సినిమాలో కథానాయకుడి తండ్రి పొలం గట్టు మీద కూర్చుని ఒక తత్వం పాడతాడు. పాత్ర వేసింది పేరున్న పెద్ద నటుడు. గొంతు ఎవరిది పెట్టాలన్న మాట వచ్చినప్పుడు దినేష్ గోవిందప్పను స్టూడియోకి తీసుకెళ్లాడు. ఒక్క పూటలో పని అయిపోయింది.

సినిమా కంటే ఆ పాట ఎక్కువ ఆడింది. ఆటోల్లో, హోటళ్లలో, ఆఫీసు క్యాబుల్లో అదే. పాడింది ఆ నటుడేనని అందరూ అనుకున్నారు. ఆయన మంచివాడే, ఒక ఇంటర్వ్యూలో పాడింది తాను కాదన్నాడు. ఎవరన్నది ఆయనకూ తెలియదు. సినిమా చివర పడిన పేర్ల వరసలో కింద ఎక్కడో "గోవిందు" అని ఉంది.

నేను మండిపడ్డాను. దినేష్‌ను పిలిచి అడుగుదామన్నాను. గోవిందప్ప తాపీగా విన్నాడు.

"బండ మీద పరిచినోని పేరు రాస్తారా సార్? జనం నడుస్తాండారు కదా, చాలు."

ఆయన, సుంకమ్మ మియాపూర్లో ఆ సినిమా చూశారు. పాట వచ్చినప్పుడు పక్క సీటావిడ "ఎంత బాగా పాడినాడమ్మా ఆ నటుడు" అందట. సుంకమ్మ ఏదో అనబోతే ఈయన చేయి పట్టుకుని ఆపాడట. ఈ సంగతి నాకు సుంకమ్మే చెప్పింది, కోపంగానే చెప్పింది.

అయితే సినిమా వాళ్లకు తెలియకపోయినా వెతికేవాళ్లు వెతికారు. మాదాపూర్లో ఐటీ ఉద్యోగం చేస్తూ గిటారు వాయించే లోహిత్ అనే యువకుడు దినేష్ ద్వారా గోవిందప్పను కలిశాడు. ఆయన పాట విన్నాడు. తర్వాత ఫోన్లో ఒక పాట వినిపించాడు. అమెరికాలో పత్తి చేలల్లో పనిచేసిన నల్లవాళ్ల పాటలనీ, వాటిని బ్లూస్ అంటారనీ చెప్పాడు. గోవిందప్పకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ చివరిదాకా విని, "ఈయప్ప కూడా పని చేస్తా పాడినోడే. బరువెత్తేటప్పుడు ఊపిరి యాడ తీస్తాడో ఆడనే పాట ఆపుతాండాడు," అన్నాడు. లోహిత్ ఆ మాట రాసుకున్నాడు.

మూడేళ్లపాటు వాళ్లు కలిసి పాడారు. ఒక గిటారు, ఒక డప్పు, గోవిందప్ప గొంతు. కంపెనీల వార్షికోత్సవాలకు పిలిచేవారు. పగలు బండలు పరిచి, సాయంత్రం స్నానం చేసి, తెల్లచొక్కా తొడుక్కుని వేదిక ఎక్కేవాడు. పని మానమని లోహిత్ ఎన్నోసార్లు చెప్పాడు. "పాట నాది కాదు లోహితూ, మా మామది. పని నాది," అనేవాడు. కూతురు సరిత అప్పుడు నర్సింగు చదువుతోంది.

2018 డిసెంబరులో గచ్చిబౌలిలో ఒక కంపెనీ సభ. నేను కూడా వెళ్లాను. రెండో పాటలో పైకి ఎక్కి నిలబడాల్సిన చోట గొంతు నిలబడలేదు. మళ్లీ అందుకున్నాడు, మళ్లీ తెగింది. లోహిత్ గిటారుతో ఆ ఖాళీ నింపాడు. జనం గమనించలేదు. దిగాక గోవిందప్ప మెట్ల మీద కూర్చుని దగ్గాడు. ఆ దగ్గు చాలాసేపు ఆగలేదు.

"ఎప్పటి నుంచి ఇది?" అన్నాను.

"శానా దినాలైంది సార్. బండలోళ్లకు దగ్గు ఉండేదే కదా."

ఇంటి దగ్గరి క్లినిక్కులో క్షయ అన్నారు. ఆరు నెలలు మాత్రలు మింగాడు. మనిషి చిక్కిపోయాడు గానీ దగ్గు తగ్గలేదు. చివరికి సరిత పట్టుబట్టి ఎర్రగడ్డలోని ఛాతీ ఆసుపత్రికి తీసుకెళ్లింది. నేనూ వెంట వెళ్లాను. అక్కడి డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, "మీరేం పని చేస్తారు?" అని అడిగింది. ఆరు నెలల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడే.

"రాతి దుమ్ము," అంది. "సిలికోసిస్ అంటారు. లోపల గట్టిపడిపోయింది. ఉన్నదాన్ని తీసేసే మందు లేదు. కొత్త దుమ్ము పోకుండా చూసుకోవాలి. ఇక మిషను ముట్టుకోకండి. గట్టిగా పాడటం కూడా వద్దు."

బయటికి వచ్చాక ఆయన అడిగింది ఒకటే: "నర్సయ్యను కూడా ఈడికి తీసుకరావల్ల సార్."

కానీ నర్సయ్య అప్పటికే పని మానేసి ఊరికి పోయాడు. ఫోన్ చేస్తే, "నాకేంది, మంచిగున్న. నువ్వు ఫికర్ జెయ్యకు," అన్నాడు. మాట మాటకూ మధ్య దగ్గు వినపడింది.

పనీ లేదు, పాటా లేదు. గోవిందప్ప ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. అలా కూర్చోవడం ఆయనకు చేతకాలేదు. కూర్చున్నవాడు కాసేపటికి లేచి, గుమ్మం ముందు బండల సందులు గీకేవాడు. సుంకమ్మ నాకు ఫోన్ చేసి, "ఏదన్నా పని చెప్పండి సార్. మాట్లాడకుండా ఉండాడు," అంది.

అప్పుడు నా చేతిలో ఒక నాటకం ఉంది. కొడుకు శవాన్ని గుర్తుపట్టడానికి మార్చురీకి వచ్చిన తండ్రి కథ. తండ్రికి పదకొండే మాటలు. ఆ పాత్ర ఆయన్ని వేయమన్నాను.

"నాకు అబద్ధం చెప్పేది రాదు సార్."

"చెప్పొద్దు. చావు ఇంటి ముందు వచ్చినవాళ్లు ఎలా నిలబడతారో మీకు తెలిసినంతగా మా ఎవరికీ తెలియదు. అలా నిలబడండి, చాలు."

ఆయన ఆలోచించి, రెండో రోజు రిహార్సలుకు వచ్చాడు. మొదటి వారం మాటలు నేల చూసి చెప్పాడు. తర్వాత ఒక సాయంత్రం, శవం మీద గుడ్డ తొలగించే చోట, ఆయన గుడ్డ ముట్టుకోలేదు. శవం పాదాల దగ్గరికి వెళ్లి, బొటనవేలు పట్టుకుని నిలబడ్డాడు. ఎందుకలా చేశారని అడిగాను. "ముఖం చూసేది తల్లి సార్. నాయన కాళ్లే పట్టుకుంటాడు. శానామందిని చూసినా," అన్నాడు. నేను స్క్రిప్టులో ఆ చోటు కొట్టేసి, ఆయన చేసింది రాసుకున్నాను.

2020 జనవరిలో తెనాలి వైపు ఒక పరిషత్తులో ఆడాం. ఒక మాట చెప్పి, ఊపిరి అందక ఆగేవాడు. మళ్లీ ఊపిరి కూడదీసుకుని తర్వాతి మాట చెప్పేవాడు. ప్రేక్షకులు ఆ ఖాళీల్లో కదల్లేదు. ఉత్తమ నటుడి బహుమతి ఆయనకే వచ్చింది. న్యాయనిర్ణేత ఒకాయన మైకులో, "విరామం మీద ఇంత అధికారం ఉన్న నటుణ్ణి నా నలభై ఏళ్ల అనుభవంలో చూడలేదు," అన్నాడు.

గోవిందప్ప నా వైపు వంగి, "అది విరామం కాదని చెప్దామా సార్?" అన్నాడు.

వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. మా సమాజానికి పదేళ్లలో వచ్చిన మొదటి పెద్ద బహుమతి అది.

మరుసటి ఏడాది నర్సయ్య పోయాడు. కరోనా రోజులు. రెండు నెలల తర్వాత గానీ నేనూ గోవిందప్పా వాళ్ల ఊరు వెళ్లలేకపోయాం. నర్సయ్య భార్య చంద్రమ్మ గోడ గూట్లోంచి ఒక కాగితం తీసి నా చేతిలో పెట్టింది. చావు కారణం దగ్గర క్షయ అని రాసి ఉంది.

"ఆయనకు టీబీ లేకుండె సారూ. గా రాళ్ల దుమ్మే తిన్నది ఆయనను. రాళ్లపనోళ్లకు సర్కారు ఏదో ఇస్తదంటే దరఖాస్తు బెట్టిన. ఇండ్ల గిట్ల రాసుంటే గాదన్నరు. ఎవరు రాసిన్రో, ఎందుకు రాసిన్రో."

గోవిందప్ప ఆ కాగితం తీసుకుని మడతలు సరిచేసి తిరిగి ఇచ్చాడు. తిరిగొస్తుంటే జడ్చర్ల దాటాక, బస్సులో నా వైపు తిరిగాడు.

"ఇరవై ఏండ్లు నా ఎదురుగా కూర్చున్నాడు సార్," అన్నాడు. "మిషను నా చేతిలో ఉండె. దుమ్ము ముందరికి పోతాది. ఆయన దిక్కే పోయినాది."

నేనేదో ఓదార్పు మాట అనబోయాను. చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

ఆ తర్వాతే దినేష్ మళ్లీ వచ్చాడు. ఈసారి తనే దర్శకుడు. ఓటీటీ కోసం ఒక సిరీస్ తీస్తున్నాడు. ఐటీ కంపెనీ మేడలో రాత్రి కాపలా కాసే ముసలివాడు, తప్పిపోయిన తన తమ్ముణ్ణి వెతుక్కోవడం కథ. "గోవిందప్పన్నా, ఇది నువ్వే చెయ్యాల. వేరే యాక్టర్‌ని ఊహించుకోలేకపోతున్నా," అన్నాడు. గోవిందప్పకు అప్పుడు యాభై ఒకటి. డెబ్బై ఏళ్లవాడి వేషానికి జుట్టుకు కాస్త తెలుపు తప్ప మరేమీ పూయలేదు.

సిరీస్ 2022లో వచ్చింది. గోవిందప్ప ముఖం జనానికి తెలిసింది. లింగంపల్లి స్టేషన్లో ఎంఎంటీఎస్ రైలు కోసం నిలబడితే కుర్రాళ్లు వచ్చి ఫోటో దిగేవారు. తండ్రులు, తాతలు, ఊరి పెద్దలు, ఇలా రెండేళ్లలో తొమ్మిది పాత్రలు వేశాడు. వాటిలో ఐదు పాత్రలు చనిపోతాయి. ఒక దర్శకుడు చావుకు ముందు ఇంకొంచెం దగ్గమన్నాడట. "చచ్చిపొమ్మంటే ఎన్నిసార్లైనా చచ్చిపోతా సార్. దగ్గు మాత్రం ఒక్క టేకే," అన్నాడట. యూనిట్ వాళ్లు నవ్వారు. పక్కనున్న సరిత నవ్వలేదు.

2022 చివర హైటెక్ సిటీలో ఒక పెద్ద హోటల్లో అవార్డుల సభ జరిగింది. సహాయ నటుడిగా ఆయనకు ఒకటి ఇచ్చారు. యాంకరమ్మాయికి ఎవరో పాత పాట సంగతి చెప్పినట్టున్నారు. "మీరు మంచి సింగర్ కూడా అంట కదా, మా కోసం రెండు లైన్లు ప్లీజ్," అంది. జనం చప్పట్లు కొట్టారు.

గోవిందప్ప మైకు తీసుకున్నాడు. ఊపిరి కూడదీసుకున్నాడు.

"పాడలేనమ్మా. ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ముండాది." ఆగాడు. "ఈ చుట్టుపక్కల ఇరవై ఏండ్లు బండలు కోసినా. నాతో నర్సయ్యని ఒకాయన కోసినాడు. పోయినాడు. కాగితంలో టీబీ అని రాసినారు." మళ్లీ ఆగాడు. "నా యాక్టింగు బాగుందంటారు. ఆగి ఆగి మాట్లాడ్తానని. అది యాక్టింగు కాదు. ఊపిరి ల్యాక. ఇప్పుడు కూడా యాడనో ఒకతట్ల కోస్తాంటారు. నీళ్లు పోసి కోయమని చెప్పండి. మంచి మాస్కు ఇమ్మని చెప్పండి. అంతే."

అవార్డు అక్కడే బల్ల మీద పెట్టి దిగిపోయాడు. దినేష్ పరుగెత్తుకెళ్లి దాన్ని తెచ్చాడు.

ఆ రెండు నిమిషాల వీడియో ఊరంతా తిరిగింది. పెద్దవాళ్ల నుంచి ఫోన్లు వస్తాయని నేననుకున్నాను. ఒకటీ అరా వచ్చాయి. ఎక్కువగా వచ్చింది బండల పనివాళ్ల నుంచి. "అన్నా, నాక్కూడా దగ్గుంది," "మా నాయనకు టీబీ మందులు ఏడాదిగా వాడుతున్నరు, తగ్గుతలేదు." సరిత ఒక నోటుబుక్కులో పేర్లు రాయడం మొదలుపెట్టింది. అప్పటికి తను నర్సుగా పనిచేస్తోంది. తన ఆసుపత్రి డాక్టర్లు ఇద్దరిని ఒప్పించింది. మా అపార్ట్‌మెంటు క్లబ్‌హౌసులో వైద్యశిబిరం పెడదామంటే, సంఘంవాళ్లు బయటివాళ్లు లోపలికెలా వస్తారన్నారు. వీరలక్ష్మి మీటింగులో లేచింది. "ఈ నేల పరిచేటప్పుడు లోపలికి వచ్చారు కదండీ," అని కూర్చుంది. ఆ ఆదివారమే శిబిరం జరిగింది. అరవై ఒక్క మంది వచ్చారు. పద్నాలుగు మందికి దుమ్ము జబ్బు తేలింది. వాళ్లలో చిన్నవాడికి ఇరవై ఆరేళ్లు. ఆ రోజు గోవిందప్ప తలుపు దగ్గర కూర్చుని, ఎక్స్‌రే వ్యానుకి వెళ్లే ఒక్కొక్కరితో మాట్లాడాడు. సాయంత్రానికి ఆయన పెదాలు నీలంగా మారాయి.

2024లో దినేష్ తన మొదటి పెద్ద సినిమా తీశాడు. గోవిందప్పది అందులో ముఖ్యపాత్రే. షూటింగు ఎలాగో పూర్తయింది. డబ్బింగుకు వచ్చేసరికి ఇంట్లో ఆక్సిజన్ మిషను లేకుండా గంట కూడా గడవని స్థితి. అచ్చం ఆయనలాగే మాట్లాడే మిమిక్రీ కళాకారుడు ఒకడున్నాడనీ, అతనితో చెప్పిద్దామనీ దినేష్ ఇంటికొచ్చి మెల్లగా అడిగాడు. నేనక్కడే ఉన్నాను. వెంటనే సరేనంటాడనుకున్నాను.

"వద్దు దినేషూ," అన్నాడు. "నేనే చెప్తా."

"అన్నా, నీకు స్ట్రెయిన్ అవుతది. పాట అప్పుడు నువ్వే అన్నావంట కదా, పేరు ఎవరిదైతే ఏమని."

"అన్నాలే. అప్పుడు నర్సయ్య బతికుండె." మిషను గొట్టం సరిచేసుకున్నాడు. "పేరు తప్పు రాస్తే ఏమైతాదో అప్పుడు నాకు తెల్వదు."

స్టూడియో మణికొండలో. ఆయన భాగం సినిమాలో మొత్తం ఇరవై నిమిషాలుంటుంది. దానికి పదకొండు రోజులు పట్టింది. ఒక వాక్యం చెప్పి, గొట్టం ముక్కుకు పెట్టుకుని పది నిమిషాలు కూర్చునేవాడు. సౌండు ఇంజనీరు విసుక్కోలేదు, తొందరపెట్టలేదు. వాక్యం సగంలో తెగితే, "ఇంగొకసారి" అని ఆయనే అనేవాడు. సుంకమ్మ అద్దం ఇవతల కూర్చుని, ఆయన ఊపిరి తీసుకున్నప్పుడల్లా తనూ తీసుకునేది. పదకొండో రోజు ఆఖరి మాట చెప్పాక ఆయన చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, "అయిపాయ," అన్నాడు.

2025 ఫిబ్రవరిలో, ఒక శుక్రవారం ఉదయం పోయాడు. ఆసుపత్రిలో కాగితం రాసే డాక్టరు శ్వాస ఆడక గుండె ఆగిందని రాశాడు. సరిత ఆ కాగితం తీసుకోలేదు. పాత రిపోర్టులన్నీ బల్ల మీద పరిచి, అసలు కారణం రాసేదాకా శవాన్ని కదిలించనంది. గట్టిగా అరవలేదు. అక్కడే నిలబడింది, అంతే. డాక్టరు రిపోర్టులు చదివి, కొత్త కాగితం తీసుకుని మళ్లీ రాశాడు.

ఇంటి ముందు తత్వం పాడటానికి బేతంచెర్ల నుంచి ఇద్దరు వచ్చారు. లోహిత్ గిటారు తెచ్చాడు గానీ వాయించలేదు. బండల పనివాళ్లు సైట్లకు సెలవు పెట్టి వచ్చి గల్లీ నిండా నిలబడ్డారు. చంద్రమ్మ నాగర్‌కర్నూలు నుంచి మొదటి బస్సుకు వచ్చి, సుంకమ్మ పక్కన కూర్చుంది. నేను ఆయన కాళ్ల దగ్గర నిలబడ్డాను.

సినిమా ఏప్రిల్లో విడుదలైంది. బాగా ఆడలేదు. మూడు వారాల్లో తీసేశారు. చూసినవాళ్లు మాత్రం ఆయన గురించి మాట్లాడుకున్నారు. క్లబ్‌హౌసులో శిబిరం మూడు నెలలకొకసారి ఇప్పటికీ జరుగుతోంది. పోయినసారి ఒక గుత్తేదారు తానే తన మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. మిగతావాళ్లు ఇంకా పొడిగానే కోయిస్తున్నారు. నానక్‌రామ్‌గూడ వైపు వెళితే ఆ తెల్లటి దుమ్ము ఇప్పటికీ కనపడుతుంది.

మొన్న సుంకమ్మను చూడటానికి నేనూ వీరలక్ష్మీ వెళ్లాం. సరిత టీవీలో తండ్రి చేసిన సిరీస్ పెట్టింది. ఆయన చనిపోయే సీన్లు, ఏడ్చే సీన్లు సుంకమ్మ చూడదు. ఒక సీన్లో ఆయన డాబా మీద కూర్చుని, రాగిముద్ద తుంచుకుని, కారం నంజుకుని తింటాడు. మాటలేమీ ఉండవు. అది రాగానే ఆవిడ కాస్త ముందుకు జరిగి కూర్చుంది.

"ఆ పొద్దు నిజంగానే ఆకలైందంట సార్ ఆయనకు," అంది. "రెండు ముద్దలు తిన్నాడంట."